కరెంటుకూ పెట్రోలుకూ మధ్య ఒక చిన్న కారు: నా అనుభవం

నేను కొన్నది ప్లగిన్ హైబ్రిడ్, అంటే ప్లగ్ పెట్టి ఛార్జి చేసుకొని కొంత దూరం కరెంటు మీద, ఆ తర్వాత పెట్రోలు మీద నడిచే కారు. కొత్తది కాదు. చూడటానికి వెళ్లి డిక్కీ తెరిస్తే, ఛార్జింగ్ కేబుల్ కట్టు కూడా విప్పకుండా సంచిలో అలాగే ఉంది. మీటరు చూస్తే కారు అప్పటికే బాగా తిరిగింది. అంటే మొదటి యజమాని ప్లగ్ పెట్టే కారు కొని, ఒక్కసారి కూడా ప్లగ్ పెట్టకుండా ఆ దూరమంతా పెట్రోలు మీదే తిరిగాడన్నమాట. అమ్మే ఆయన మాత్రం "కేబుల్ కొత్తదేనండీ, అసలు వాడలేదు" అని దాన్నొక సుగుణంగా చెప్పుకొచ్చాడు.

మొదట నవ్వొచ్చింది. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదనిపించింది. ఇలాంటి కార్లను చాలాచోట్ల కంపెనీలు తమ ఉద్యోగుల కోసం కొన్నాయి. కాగితం మీద ఉద్గారాల అంకె చిన్నదైతే పన్ను తగ్గుతుంది కాబట్టి కొన్నాయి. పెట్రోలు ఖర్చు కంపెనీ భరిస్తుంది, ఇంట్లో కరెంటు బిల్లు ఉద్యోగి కట్టుకోవాలి. ఇక ఆ కేబుల్ కట్టు ఎవరు విప్పుతారు?

ఆ చిన్న అంకె ఎలా పుడుతుందో తెలుసుకున్నాక నాకు ఈ కార్ల మీద కోపం తగ్గింది, కాగితాల మీద నమ్మకమూ తగ్గింది. 2014లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఈనే తీసుకోండి. అధికారిక లెక్కలో అది 100 కిలోమీటర్లకు తాగేది ఒకటిన్నర లీటర్ల పెట్రోలు, వదిలేది కిలోమీటరుకు 35 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. అప్పట్లో యూరప్‌లో అమల్లో ఉన్న ఎన్ఈడీసీ పరీక్షలో ఇలాంటి కారును రెండు రకాలుగా నడిపేవారు: బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి. యజమాని బ్యాటరీ అయిపోయాక మరో 25 కిలోమీటర్లు మాత్రమే పెట్రోలుతో నడిపి మళ్లీ ఛార్జింగ్ పెడతాడని అనుకొని ఆ రెండింటినీ కలిపేవారు. కరెంటు మీద 50 కిలోమీటర్లు నడిచే కారైతే, 75లో 50 కరెంటువే అయ్యాయి. ఖాళీ బ్యాటరీతో నాలుగున్నర లీటర్లు తాగే కారు కాస్తా ఆ లెక్కతో ఒకటిన్నరకు దిగింది. లెక్కలో తప్పు లేదు. 25 కిలోమీటర్లకల్లా బుద్ధిగా ప్లగ్ దగ్గరికి చేరే ఆ యజమానే ఎక్కడా కనబడడు.

ఆ తర్వాత డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్ష వచ్చింది. అయినా తేడా పోలేదు. 2021లో రిజిస్టరైన కార్లు స్వయంగా నమోదు చేసుకున్న ఇంధన వివరాలను పరిశీలించి, ప్లగిన్ హైబ్రిడ్ల అసలు ఉద్గారాలు కాగితం మీది అంకెకు సగటున మూడున్నర రెట్లు ఉన్నాయని యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో తేల్చింది. మా కారు మొదటి యజమాని లాంటి వాళ్లు చాలామందే ఉన్నారన్నమాట. ఇప్పుడు ఎవరైనా "మీ బండి మైలేజీ ఎంత?" అని అడిగితే, రోజూ ఎంత దూరం వెళ్తారు, రాత్రి కారు ఎక్కడ పెడతారు అని ఎదురు ప్రశ్నలు వేయడం నాకు అలవాటైపోయింది. అవి తెలియకుండా ఈ కారుకు మైలేజీ చెప్పడం సాధ్యం కాదు.

కొనే ముందు నాకున్న భయం బ్యాటరీ గురించి. వాడలేదు కాబట్టి కొత్తగానే ఉంటుందనుకోవడానికి లేదు. లిథియం అయాన్ సెల్స్ ఊరికే ఉన్నా వయసుతో కొంత సత్తువ కోల్పోతాయి. నిండు ఛార్జితో ఎండలో పడి ఉంటే మరింత త్వరగా కోల్పోతాయి. అందుకే అమ్మే ఆయనను, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి ఉంచండి, పొద్దున్నే వచ్చి నడిపి చూస్తాను అని అడిగాను. ఆ కేబుల్ కట్టు విప్పిన ఘనత అలా ఆయనకే దక్కింది. మర్నాడు ట్రిప్ మీటరు సున్నా చేసి, కరెంటు మోడ్‌లో పెట్టి, ఇంజిన్ దానంతటది స్టార్ట్ అయ్యేదాకా మామూలు రోడ్ల మీద తిప్పాను. ముప్పై కిలోమీటర్లు దాటాక అయింది. 2014 తరం కార్లకు అది మంచి ఫలితమే. డాష్‌బోర్డు మీద కనిపించే అంచనా దూరాన్ని నేను పట్టించుకోలేదు. అది గతంలో కారు నడిచిన తీరును బట్టి వేసే లెక్క. ఎన్నడూ కరెంటు మీద నడవని కారు చెప్పే జోస్యాన్ని ఎలా నమ్మాలి? దానితోపాటు ఛార్జింగ్ మూత సరిగా తాళం పడుతోందా, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఏసీ పనిచేస్తోందా, బ్యాటరీ వారంటీ ఎంతకాలం మిగిలి ఉంది అన్నవి చూసుకున్నాను. ఇలాంటి కార్లకు బ్యాటరీ వారంటీ సాధారణంగా ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది.

లోపలి ఏర్పాటు ఇలా ఉంటుంది. బానెట్ కింద టర్బో పెట్రోలు ఇంజిన్, దాని పక్కన ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఆ రెంటికీ మధ్య ఎలక్ట్రిక్ మోటారు. మోటారుకూ ఇంజిన్‌కూ నడుమ అదనంగా ఒక క్లచ్ ఉంటుంది. అది విడిపోతే ఇంజిన్ నిద్రపోతుంది, మోటారు ఒక్కటే కారును లాగుతుంది. అది కలిస్తే ఇద్దరూ లాగుతారు. బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. ఇదే తరహా కారైన ఆడి ఏ3 ఈ-ట్రాన్‌లోదాన్నే చూస్తే 96 సెల్స్, 125 కిలోల బరువు, 8.8 కిలోవాట్ అవర్ల సామర్థ్యం. మన కరెంటు బిల్లు భాషలో 8.8 యూనిట్లు. అందులోనూ పైన కొంత, అడుగున కొంత కారు తనకోసం దాచుకుంటుంది. మనకు వాడుకోనిచ్చేది ఏడు యూనిట్ల లోపే. బ్యాటరీ ఎక్కువకాలం మన్నడానికి ఆ దాపరికం అవసరం. డాష్‌బోర్డు సున్నా చూపించినా అడుగున కొంత ఉంటుంది కాబట్టే కారు సాధారణంగా ఆగినచోటు నుంచి మోటారుతోనే బయలుదేరగలుగుతుంది.

ఇదేమీ నిన్నమొన్న పుట్టిన ఆలోచన కాదు. చైనాలో బీవైడీ ఎఫ్3డీఎం 2008 డిసెంబరులోనే వచ్చింది. అమెరికాలో షెవర్లే వోల్ట్ 2010 డిసెంబరు నుంచి అమ్మకానికి వచ్చింది. దానిలో 16 యూనిట్ల బ్యాటరీ ఉండేది. 2012లో టొయోటా ప్రియస్ ప్లగిన్ 4.4 యూనిట్లతో సరిపెట్టుకుంది. ఆ రెంటికీ మధ్యస్థంగా, మామూలు హ్యాచ్‌బ్యాక్ ఆకారం చెడకుండా తొమ్మిది యూనిట్ల దగ్గర ఆగినవి 2014 తరానివి. నాది ఆ తరహా బండి.

ఆకారం చెడలేదు అన్నాను కానీ ఆ మూల్యం డిక్కీ చెల్లించింది. సీటు కింద ఉండాల్సిన పెట్రోలు ట్యాంకు స్థానాన్ని బ్యాటరీ ఆక్రమించింది. ట్యాంకు వెనక్కి జరిగి డిక్కీ అడుగుకు చేరింది. మామూలు గోల్ఫ్‌లో 380 లీటర్లు ఉండే డిక్కీ జీటీఈలో 272 లీటర్లకు తగ్గడానికి కారణం ఇదే. స్టెప్నీ ఉండదు. పంక్చర్ అయితే టైరులోకి జిగురు ఎక్కించి గాలి కొట్టుకొనే చిన్న పెట్టె ఇస్తారు. ఛార్జింగ్ కేబుళ్ల సంచి కూడా ఆ మిగిలిన చోటులోనే సర్దుకోవాలి. నలుగురం నాలుగు రోజుల ప్రయాణానికి బయలుదేరితే ఎవరి సంచి ఎవరి ఒడిలో అన్న చర్చ ఇంట్లో తప్పనిసరి.

ఇంటి ఛార్జింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఈ కారు అనుభవమంతా దాని మీదే నిలబడుతుంది. కారుతో వచ్చే కేబుల్ మామూలు సాకెట్‌లో పెట్టుకోవచ్చు. 230 వోల్టుల దగ్గర పది ఆంపియర్లు లాగితే గంటకు 2.3 యూనిట్లు. ఖాళీ బ్యాటరీ నిండటానికి నాలుగు గంటల లోపు పడుతుంది. రాత్రి పెట్టి పొద్దున తీసే వాడికి ఇంతకన్నా వేగం దేనికి? కానీ ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఇస్త్రీపెట్టె కాసేపు కరెంటు లాగి కాసేపు ఊరుకుంటుంది. కారు అలా కాదు. మూడు నాలుగు గంటలు ఒక్క క్షణం ఆగకుండా లాగుతూనే ఉంటుంది. పాత సాకెట్‌లో స్క్రూలు కాస్త వదులైనా అక్కడ వేడి పుడుతుంది. మొదటి వారంలో ఛార్జింగ్ మధ్యలో వెళ్లి ప్లగ్‌ను తాకి చూస్తే నాకు నచ్చనంత వెచ్చగా ఉంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మీటరు దగ్గర నుంచి విడిగా మందపాటి వైరు లాగించి, దానికి ప్రత్యేకంగా బ్రేకరు, ఎర్త్ లీకేజీ రక్షణ పెట్టించాను. ఎక్స్‌టెన్షన్ బాక్సుల జోలికి పోలేదు, మీరూ పోవద్దు. చుట్ట విప్పని ఎక్స్‌టెన్షన్ వైరు చాలాసేపు లోడ్ పడితే తనలో తానే కాగిపోతుంది.

కేబుల్ మధ్యలో ఒక డబ్బా ఉంటుంది. అది ఎంతవరకు కరెంటు లాగవచ్చో కారుకు చెబుతుంది. ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరాకే టిక్కుమని శబ్దం వచ్చి కరెంటు పారడం మొదలవుతుంది. ప్లగ్ తగిలించి ఉన్నంతసేపు కారు కదలదు. కాబట్టి మరచిపోయి కేబుల్‌తో సహా వెళ్లిపోతామేమో అన్న భయం అక్కరలేదు. బయటి ఛార్జింగ్ స్తంభాల సంగతి వేరు. కారు లోపలి ఛార్జరు గంటకు మూడున్నర యూనిట్ల పైచిలుకు మాత్రమే మింగగలదు. స్తంభం మీద 22 కిలోవాట్లని రాసి ఉన్నా మనకు ఒరిగేదేమీ లేదు. రెండు గంటలు అక్కడ నిలబెడితే వచ్చేది ముప్పై చిల్లర కిలోమీటర్లు. వెనక ఒక పూర్తి ఎలక్ట్రిక్ కారు వేచి ఉంటే, దాని యజమాని మనవైపు చూసే చూపు మరీ ఇబ్బందిగా ఉంటుంది. పెట్రోలు ట్యాంకు ఉన్నవాడు క్యూలో ముందు నిలబడటం నాకే బాగుండదు. అందుకే స్తంభాలు ఎక్కువగా, ఖాళీగా ఉన్నచోట తప్ప బయట పెట్టడం మానేశాను.

ఇక నడపడం. మొదటి వారం నాకు నచ్చింది నిశ్శబ్దం. రెండో వారం నుంచి నచ్చింది పికప్. ఎలక్ట్రిక్ మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలంతో లాగుతుంది కాబట్టి సిగ్నల్ పడగానే కారు సాఫీగా ముందుకు జారుతుంది. గేర్లు మారుతున్నట్టు కూడా తెలియదు. గోల్ఫ్ జీటీఈ కేవలం కరెంటుతో గంటకు 130 కిలోమీటర్ల వేగం వరకు వెళ్లగలదు. హైవే మీద కూడా పెట్రోలు అవసరం లేదన్నమాట, దూరం కొంచెమే అయితే. యాక్సిలరేటర్‌ను చివరిదాకా, అడుగున తగిలే గట్టి అంచు కూడా దాటించి తొక్కితే ఇంజిన్ మేల్కొంటుంది. అప్పుడు రెండూ కలిసి 204 హార్స్‌పవర్. అంత చిన్న బండికి అది ఎక్కువే. అయితే అదే రకం పెట్రోలు కారు కన్నా దాదాపు 250 కిలోల బరువు అదనంగా మోస్తోందని మలుపుల్లో తెలుస్తుంది. తిన్నగా వెళ్తున్నప్పుడు దాగిన బరువు తిప్పినప్పుడు బయటపడుతుంది.

నిశ్శబ్దంలో ఒక ప్రమాదం ఉంది. కొత్త ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లకు నెమ్మదిగా వెళ్లేటప్పుడు పాదచారులకు వినబడేలా శబ్దం చేసే పరికరం ఉండాలని యూరప్‌లో 2019 జూలై నుంచి కొత్త మోడళ్లకు, 2021 జూలై నుంచి కొత్తగా అమ్మే అన్నింటికీ నిబంధన పెట్టారు. నా కారు దానికి ముందుది. పార్కింగ్ స్థలాల్లో మనుషులు వెనక్కి చూడకుండా అడ్డం వచ్చేస్తారు. తప్పు వాళ్లది కాదు, చెవులు చెప్పింది నమ్మారు అంతే.

బ్రేకు అలవాటు కావడానికి కొంతకాలం పట్టింది. పెడల్ మెల్లగా నొక్కితే మోటారే జనరేటర్‌గా మారి కారును ఆపుతుంది, ఆ శక్తి బ్యాటరీలోకి పోతుంది. గట్టిగా నొక్కితే అసలు బ్రేకు ప్యాడ్లు పట్టుకుంటాయి. చివరి పది కిలోమీటర్ల వేగం దగ్గర ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు చిన్న తొట్రుపాటు పాదానికి తెలుస్తుంది. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు గానీ, బాగా చల్లబడి ఉన్నప్పుడు గానీ మోటారు అంతగా ఆపలేదు. కొండ మీద ఛార్జింగ్ నింపి కిందికి బయలుదేరితే దిగుడులో వచ్చే శక్తికి చోటే ఉండదు. ఇంకో చిక్కు ఏమిటంటే, అసలు బ్రేకులకు పని తక్కువై డిస్కులు తుప్పు పడతాయి. మా మెకానిక్ చెప్పిన చిట్కా: ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు న్యూట్రల్‌లో పెట్టి కాస్త గట్టిగా బ్రేకు వేయడం. న్యూట్రల్‌లో మోటారు సాయం ఉండదు కాబట్టి ప్యాడ్లే డిస్కును గీకి శుభ్రం చేస్తాయి.

మోడ్‌ల మీట దగ్గరికి వస్తే, అసలు ఆట ఇక్కడే ఉంది. కరెంటు మాత్రమే, రెండూ కలిపి, ఉన్న ఛార్జిని అలాగే దాచి ఉంచడం, నడుస్తూ ఇంజిన్‌తో ఛార్జి చేసుకోవడం: ఇలా నాలుగైదు ఉంటాయి. కారును దాని ఇష్టానికి వదిలేస్తే ముందు కరెంటంతా ఖర్చు పెట్టేసి తర్వాత పెట్రోలు మీద పడుతుంది. జీతం వచ్చిన వారంలోనే అంతా ఖర్చు చేసే మనిషి పద్ధతి అది. మనం కాస్త ముందుచూపుతో పంచుకుంటే బాగుంటుంది. కరెంటు లాభం ఎక్కువగా ఉండేది ఆగుతూ సాగే నగర రోడ్ల మీద. పెట్రోలు ఇంజిన్ పనితనం బాగా ఉండేది ఒకే వేగంతో సాగే హైవే మీద. కాబట్టి హైవే ముందు, నగరం తర్వాత వచ్చే ప్రయాణమైతే ఛార్జిని దాచి ఉంచి, నగరం పొలిమేరలో కరెంటుకు మారతాను. నడుస్తూ ఛార్జి చేసుకొనే మోడ్‌ను దాదాపు ముట్టుకోను. పెట్రోలును కరెంటుగా మార్చి, బ్యాటరీలో దాచి, మళ్లీ తీసి చక్రాలకు ఇవ్వడంలో ప్రతి మలుపులోనూ కొంత పోతుంది. ఇంజిన్‌తో నేరుగా నడపడమే మేలు.

హైవే ఎక్కే ముందు నేను పాటించే పద్ధతి ఒకటి ఉంది. కరెంటు మోడ్‌లో వస్తూ వస్తూ, హైవేలో కలిసే చోట యాక్సిలరేటర్ బలంగా తొక్కితే, అప్పటిదాకా చల్లగా పడి ఉన్న ఇంజిన్ ఒక్క క్షణంలో నిమిషానికి మూడు వేల చుట్ల వేగానికి లేస్తుంది. ఆయిల్ ఇంకా చిక్కగా ఉంటుంది, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఇంకా వేడెక్కి ఉండదు. ఇంజిన్‌కూ మంచిది కాదు, గాలికీ మంచిది కాదు. అందుకే నెమ్మది రోడ్డు మీద ఉండగానే, హైవేకు కాస్త ముందే ఇంజిన్‌ను లేపి వేడెక్కనిస్తాను. కారు తయారుచేసిన వాళ్లు దీన్ని మన మీద వదిలేయకుండా, దారి చూసి ముందే ఇంజిన్‌ను వేడిచేసే ఏర్పాటు పెట్టి ఉంటే బాగుండేది.

చలికాలం ఈ కారు లెక్కలన్నీ తారుమారు చేస్తుంది. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరైతే ముప్పై అయిదు కిలోమీటర్లు కాస్తా పాతిక అవుతాయి. చలికి బ్యాటరీ లోపలి రసాయనిక చర్య మందగించడం ఒక కారణం. రెండోది, నా అనుభవంలో పెద్దది, హీటరు. పెట్రోలు కారులో వెచ్చదనం ఇంజిన్ పారేసే వేడి నుంచి ఉచితంగా వస్తుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ వేడిని బ్యాటరీ నుంచి పుట్టించాలి. దానికి కొన్ని కిలోవాట్లు కావాలి. ఏడు యూనిట్లలో వెచ్చదనానికే ఒకటి రెండు పోతే దూరానికి మిగిలేదెంత? కాబట్టి బయలుదేరే ముందు, ప్లగ్ తీయకుండానే, కారు లోపల వెచ్చబరచుకుంటాను. ఆ కరెంటు గోడ నుంచి వస్తుంది, బ్యాటరీ నిండుగానే ఉంటుంది. దారిలో సీటు హీటరు ఒక్కటే వాడతాను, అది వంద వాట్ల లోపుతో సరిపెట్టుకుంటుంది. దూర ప్రయాణమైతే వరస మారుస్తాను. ముందు ఇంజిన్‌తో నడిపి దాని వేడితో కారు వెచ్చబడ్డాక కరెంటుకు మారతాను. వేసవిలో ఏసీ కూడా కొంత తింటుంది కానీ హీటరుతో పోలిస్తే తక్కువే.

కరెంటు మీద ఎక్కువగా తిరిగేవాడికి ఎదురయ్యే విచిత్రమైన సమస్య పెట్రోలు పాతబడటం. ట్యాంకులో నెలల తరబడి ఉంటే పెట్రోలులో త్వరగా ఆవిరయ్యే పాళ్లు తగ్గిపోయి స్టార్టింగ్ మొండికేస్తుంది. షెవర్లే వోల్ట్‌లో దీనికి ఒక కచ్చితమైన ఏర్పాటు ఉంది. ఆరు వారాలు ఇంజిన్ తిరగకపోతే అది స్వయంగా కాసేపు నడిపిస్తుంది, ట్యాంకులోని పెట్రోలు సగటు వయసు ఏడాది దాటితే దాన్ని ఖర్చు చేయడం మొదలుపెడుతుంది. నేను ట్యాంకు ఎప్పుడూ సగం కన్నా ఎక్కువ నింపను, పెద్ద ప్రయాణం ఉంటే తప్ప. బరువూ తగ్గుతుంది, పెట్రోలూ తాజాగా ఉంటుంది.

ట్యాంకు మూత తెరవడం కూడా ఒక తంతు. డ్రైవరు తలుపు దగ్గరి మీట నొక్కి, డాష్‌బోర్డు అనుమతి ఇచ్చేదాకా కొన్ని క్షణాలు ఆగాలి. మొదటిసారి పెట్రోలు బంకులో పైపు పట్టుకొని నిలబడ్డ అబ్బాయి, నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ ఉండిపోయాం. దీనికి కారణం ఆసక్తికరమైనది. మామూలు కార్లలో పెట్రోలు ఆవిరిని ఒక బొగ్గు డబ్బా పీల్చి పట్టుకుంటుంది, ఇంజిన్ నడిచినప్పుడు ఆ ఆవిరిని లాక్కొని కాల్చేస్తుంది. ఇక్కడ ఇంజిన్ రోజుల తరబడి నడవకపోవచ్చు. ఆ డబ్బా నిండిపోతే ఆవిరి బయటికి పోతుంది. అందుకని ట్యాంకునే గట్టిగా మూసి, ఆవిరిని ఒత్తిడితో లోపలే ఉంచుతారు. మూత తీసే ముందు ఆ ఒత్తిడిని వదలాలి, అదే ఆ నిరీక్షణ.

ఇంజిన్ ఆయిల్‌ది మరో కథ. చిన్న చిన్న దూరాలకు ఇంజిన్ లేచి, వేడెక్కకముందే ఆగిపోతుంటే, కాలని పెట్రోలు, తేమ ఆయిల్‌లో చేరతాయి. బాగా వేడెక్కి కాసేపు నడిస్తేనే అవి ఆవిరై పోతాయి. కిలోమీటర్లు తక్కువ తిరిగింది కదా అని ఆయిల్ మార్పు వాయిదా వేయడం ఈ కార్లలో మంచిది కాదు. నేను తేదీ చూసుకొని మారుస్తాను. సర్వీసుకు ఇచ్చేటప్పుడు బానెట్ కింద నారింజ రంగు వైర్లు కనిపిస్తాయి. అవి మూడు వందల వోల్టుల పైన మోసేవి, శిక్షణ లేని చెయ్యి పడకూడనివి. మన వీధి చివరి మెకానిక్ ఎంత నేర్పరి అయినా బ్రేకులు, టైర్ల వరకే.

డబ్బు లెక్క చెప్పమంటారు అందరూ. ధరలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి నేను వేరే దారిలో చెబుతాను. గోడ దగ్గర కొలిస్తే, ఛార్జింగ్‌లో పోయే నష్టం కూడా కలిపి, నాకు 100 కిలోమీటర్లకు 20 యూనిట్ల దాకా పడుతోంది. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు అదే దూరానికి ఆరు లీటర్ల దాకా తాగుతుంది. అంటే ఒక లీటరు పెట్రోలు ధర సుమారు 3.3 యూనిట్ల కరెంటు ధరను మించితే కరెంటు చవక. మించకపోతే పెట్రోలే చవక. ఇంట్లో పెట్టుకొనే కరెంటుకు ఈ లెక్క తేలిగ్గా గట్టెక్కుతుంది. బయటి స్తంభాల దగ్గర కొన్నిచోట్ల గట్టెక్కదు, అక్కడ పెట్రోలు పోయించుకోవడమే తెలివి. ఏడాది మొత్తం మీద నా తిరుగుడులో మూడింట రెండు వంతులు కరెంటే. చలినెలల్లో తగ్గుతుంది, సెలవుల్లో దూరాలు పోతే ఇంకా తగ్గుతుంది. ఎన్ఈడీసీ వాళ్లు ఊహించిన ఆ బుద్ధిమంతుడైన యజమాని ఎవరో కాదు, చివరికి నేనే అయ్యాను కాబోలు.

కొత్త తరం కార్లు మారిపోయాయి. 2024 గోల్ఫ్ ఈహైబ్రిడ్‌లో వాడుకోవడానికి వీలైన సామర్థ్యం 19.7 యూనిట్లు. పరీక్షలో 130 కిలోమీటర్ల పైన నడుస్తుంది, 50 కిలోవాట్ల వరకు వేగవంతమైన ఛార్జింగ్ కూడా తీసుకుంటుంది. అంత దూరం కరెంటు మీదే వెళ్లగలిగినప్పుడు పెట్రోలు ఇంజిన్ ఏడాదిలో ఎక్కువ రోజులు బరువుగా కూర్చొని ఉంటుంది. అలాంటప్పుడు పూర్తి ఎలక్ట్రిక్ కారే ఎందుకు కాకూడదన్న ప్రశ్న వస్తుంది. తొమ్మిది యూనిట్ల దగ్గర ఆ ప్రశ్న రాదు. రెండు అంగాలకూ వారం వారం పని ఉంటుంది. నా వరకు ఆ చిన్న బ్యాటరీయే ఈ ఆలోచనకు సరైన కొలత అనిపిస్తుంది, చలికాలంలో తప్ప.

ఈమధ్య మా బావ ఫోను చేసి, తానూ ఇలాంటిదే కొంటానన్నాడు.

"రోజూ ఎంత దూరం బావా?"

"రానూపోనూ ముప్పై."

"రాత్రి కారు ఎక్కడ పెడతావు?"

"వీధిలో. మాది మూడో అంతస్తు కదా."

అయితే ప్లగ్ లేని మామూలు హైబ్రిడ్ చూసుకో, బరువు తక్కువ, డిక్కీ పెద్దది, పెట్రోలు కూడా నీకు దానితోనే తక్కువ పడుతుంది అన్నాను. బావకు నచ్చలేదు. ఆఫీసు పార్కింగ్‌లో ఒక సాకెట్ పెట్టించమని అడిగి చూస్తానన్నాడు. అది దొరికితే మాట మార్చుకుంటానని చెప్పాను. పగలు ఎనిమిది గంటలు అక్కడే నిలబడే కారుకు మామూలు పది ఆంపియర్ల సాకెట్ చాలు.